గంటర్ గొలుసు

యార్క్‌షైర్‌లో ఓ ఇంటి పెరడు. ఊళ్లో ఆడపిల్లల క్రికెట్ జట్టుకు ఎంపిక రేపే.

"నేను రానని చెప్పెయ్ తాతా. వేసిన ప్రతి బంతీ బ్యాటుకి బారెడు ముందే పడి చస్తోంది."

"ఏడుపు ఆపి ఈ గొలుసు కొస పట్టుకో."

"పొలాలు కొలిచేది కదా, ఇదెందుకిప్పుడు?"

"నాలుగొందల ఏళ్ల కిందట గంటర్ అనే లెక్కల పండితుడు పెట్టిన కొలత ఇది. పొలాలేంటి, క్రికెట్ పిచ్ కూడా సరిగ్గా ఒక గొలుసు పొడుగే. ఇంతకీ ఈ పెరట్లో పిచ్ కొలిచిందెవరు?"

"నాన్న. అడుగులేసి."

"ఆ ఒంటె కాళ్లతోనా! లాగు, బిగించి లాగు."

గొలుసు అయిపోయింది. వికెట్లు ఇంకా బారెడు అవతలే ఉన్నాయి. ఆ పిల్ల రెండిటినీ మార్చి మార్చి చూసింది.

"అయితే తాతా, రేపు?"

"బ్యాటు పట్టేవాళ్లని కాలివేళ్లు కాపాడుకోమని చెప్పాలి."