డబ్బీలో మాత్రలు

ఆదోని బస్సు దిగి వచ్చిన శ్రీవల్లి, చేతిసంచి గడపలోనే పడేసి, ఎమ్మిగనూరులోని పుట్టింట్లో కూలబడింది. ఎదురుగా తల్లి లక్ష్మీదేవమ్మ.

“ముందు నీళ్లు తాగు. ఉగ్గాని, బజ్జీ తెప్పిస్తాను.”

“నాకేం వద్దమ్మా! నేను సెప్పింది ఇనబడిందా నీకు? మా అత్త నా మాత్రలు మార్చేసింది. దసరా నుంచి నేను మింగుతాండేది వట్టి బలం మాత్రలు!”

“ఊరికే అనుమానపడితే ఎట్ల, శ్రీవల్లీ...”

“అనుమానమా? నిన్న డాక్టరమ్మకు డబ్బీ చూపిచ్చినాను. మాత్ర తీసి అటూ ఇటూ తిప్పి, ‘ఇది నేను రాసింది కాదే’ అనింది. రెండు మాత్రలూ తెల్లగానే ఉంటే నాకేం తెలుస్తాది?”

“అట్టలోనే ఉంచుకోవాల్సింది.”

“మూడు నెలల మాత్రలూ ఒకేసారి డబ్బీలో పోసుకోమన్నది ఎవరు? నువ్వే కదా! వచ్చినోళ్లు అట్ట చూస్తే ఏం రోగమని అడుగుతారని.”

“సర్లే, సర్లే. నొప్పి ఎట్లుంది?”

“ఎట్లుంటాది? నెల వస్తే నడుం ఇరిగిపోతాంది. ఆ మాత్ర మింగినన్నాళ్లు మనిషిగా ఉంటిని. గర్భసంచి లోపల ఉండే పొర లాంటిది బయట పెరిగి, నెల నెలా అదీ రక్తం కారి గడ్డ కడతాందని ఆమె అప్పుడే సెప్పింది కదా. తగ్గిన గడ్డ మళ్లీ పెరిగింది. ఇంగ ఆపరేషన్ తప్పదేమో అంటాంది.”

“ఆపరేషనా? ఆపరేషన్ అనిందా?”

“ఒక పక్క అండాశయం గూడ పోవచ్చంట.”

“అయ్యో దేవుడా! మరి పిల్లలు?”

“చూడు, నువ్వు గూడ అదే మాట! ముందు గడ్డ తగ్గనీ, ఆపైన మాత్ర ఆపి పిల్లల సంగతి చూద్దామని డాక్టరమ్మ మొదట్లోనే సెప్పింది. అది మింగితే కడుపే రాదని మా అత్తకు ఎవరో ఎక్కిచ్చి ఉంటారు.”

“పెద్దోళ్లు... మంచికే అనుకోని ఉంటారులే.”

“మంచికా? నేను మెలికలు తిరుగుతాంటే పొత్తికడుపు మీద వేన్నీళ్ల సంచి పెట్టింది గూడ ఆమెనే. అదమ్మా నాకు మండేది! తడిగుడ్డతో గొంతు కోసింది.”

“ఆమెను అడిగినావా?”

“అడిగినాను. మా ఆయన ముందర, మామ ముందర, నోటికొచ్చినట్ల తిట్టినాను. తలొంచుకోని ‘నేనే మార్చినాను’ అనింది. అంతే.”

“అందరి ముందరనే అనిందా? తన నోటితోనే?”

“అనింది. ఇంగ ఆ గడప తొక్కను. ఆమె చేతి నీళ్లు ముట్టను. ఈడనే ఉంటాను, నీ దగ్గర. నాకు నువ్వు తప్ప ఎవరుండారు?”

“అట్లనొద్దు పాపా. అట్లనొద్దు.”

“ఎందుకు అనకూడదు? ఏమ్మా, నువ్వేడుస్తాండావేమి?”

“వదిన పొద్దున ఫోన్ చేసింది.”

“మా అత్తనా? నీకా? ఏమని?”

“నువ్వు బస్సెక్కినావని. నన్ను నోరు తెరవద్దనింది.”

“దేనికి?”

“డబ్బీలో మాత్రలు మార్చింది నేను, శ్రీవల్లీ. దసరాకి మీ ఇంటికి వచ్చినప్పుడు.”

“నువ్వా? అమ్మా, నువ్వా? మరి ఆమె... ఆమె ఎందుకు నేనే అనింది?”

“‘నీ పనేనని నాకు తెలుసు వదినా. నా మీద ఏసుకున్నాను. బిడ్డకు పుట్టిల్లన్నా మిగలనీ’ అనింది.”