తెరిచి ఉంచిన తలుపు

గడ్డకట్టిన సోన్‌కుల్ సరస్సు మంచు మీద పాత కారు మెల్లగా సాగుతోంది. మనవరాలు స్టీరింగు పట్టడం ఇదే మొదలు. పక్కన తాత.

"తలుపు వేసుకోనా తాతా? చలికి చేతులు కొయ్యబారిపోతున్నాయి."

"వద్దు. మంచు విరిగితే బయటికి దూకాలి. అది దాటేదాకా తెరిచే ఉండాలి. ఆ బెల్టు కూడా తీసెయ్."

"నీకీ కార్ల పిచ్చి ఎప్పుడు పట్టింది?"

"నీ వయసులోనే, ఇక్కడే. మా అన్న నడుపుతుంటే గాల్లో తేలినట్టుండేది."

"నీకు అన్న ఉన్నాడా? ఎప్పుడూ చెప్పలేదే!"

"వాడు చలికి ఆగలేక తన తలుపు వేసుకున్నాడు. నేను వేసుకోలేదు."

కింద మంచు ఎక్కడో ఫెళ్ళుమంది. ఆమె ఉలిక్కిపడింది. ఆ వెంటనే పకపకా నవ్వింది.

"భలేగా ఉంది తాతా! ఇంకాస్త జోరుగా పోనా?"

తాత ఆమె ఒడిలోని బెల్టును తానే విప్పేశాడు.

"వాడు చివరిసారి అడిగిందీ ఇదే, తల్లీ."