నర్సప్ప ప్రింటర్లో నేసిన చద్దరు

“కంప్యూటర్ల విండోస్ పోయిందని ఎవలన్న ఏడుస్తరా? ఒక్క పూటల లినక్స్ ఎక్కించిన,” అని నర్సప్ప మొదలుపెట్టినప్పుడు, సోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గరి సిద్ధరాములు చాయ్ హోటల్లో కూర్చున్నవారికి ఆ మాటలో నమ్మరానిది ఏదీ కనిపించలేదు. మంగళ మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది. పక్క సందులో పెండ్లిపత్రికల దుకాణం నర్సప్పదే. ఆమె కరపత్రం అచ్చువేయవలసినవాడూ అతడే.

తల్లి యమునాబాయి బీడీలు చుట్టి కొనిపెట్టిన కుట్టుమిషను, ఆమె పోయిననాటినుంచి గుడ్డ కప్పుకొని మూలన ఉన్నది. ఆ మిషను మీద, తల్లి పేరుతోనే కుట్టు తరగతి తెరవాలని మంగళ సంకల్పించింది. గదికి సున్నం వేయించింది. నేర్చుకుంటామని మాత్రం ఇంకా ఎవరూ రాలేదు. రేపటి వారపు బజారులో కరపత్రాలు పంచకపోతే ఆ గది ఖాళీగానే మిగులుతుంది. నర్సప్ప వల్ల కాదంటే అశోక్ చౌక్‌లో మరో దుకాణం చూసుకోవాలని నిశ్చయించుకొనే ఆమె వచ్చింది.

“కాకా, నా కాగితం అయిందా లేదా? అది చెప్పు ముందు.”

“అయింది బిడ్డా, అయింది! కూసో, చాయ్ తాగు. ఎట్లయిందో ఇనవా మరి? పాత సాఫ్టువేరుల సుఖమేందంటే అన్నీ తయారు నమూనాలు. పెండ్లంటే పెండ్లి, బారసాలంటే బారసాల, ఒక్కటి నొక్కి పేర్లు మారిస్తే బస్, పత్రిక చేతుల ఉంటది. లినక్స్‌ల అది నడవదన్నరు. నడవదంటే నేనింటనా? దాని తోడుదాన్ని ఎతికిన. స్క్రైబస్ అని ఒకటి దొరికింది. తెరిస్తే ఏమున్నది? తెల్లపేజీ! పడుగు ఎక్కని మగ్గం లెక్క నా మొహం చూస్తున్నది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?”

“కరెంటు పోయింది,” అన్నాడు పెంటప్ప. మరమగ్గాల చప్పుడుకు ఆ ముసలి నేతగాని చెవులు మందగించాయి గాని, నర్సప్ప మాట ఒక్కటీ వాటిని తప్పించుకోదు.

“ఏ, పో మామా! నమూనాలు పంపుండ్రి, తెలుగు, మరాఠీ రెండూ కావాలె అని దాన్ని చేసినోళ్లకు రాసిన. చాయ్ సల్లారకముందే వంద వచ్చినయ్. వంద కాదు, వెయ్యి! ఆ బరువుకు నా బల్ల కాలు వంగింది, ఖరే చెప్తున్న.”

“ఆ కాలు ఎప్పుడో ఇరిగింది కదనే, ఇటుక పెట్టినవ్,” అన్నాడు సిద్ధరాములు, చాయ్ వడపోస్తూ.

“ఆ ఇటుకే కుంగిందంటున్న!”

మంగళ నవ్వలేదు. “కాకా, ‘కుట్టు’ల ట కింద వత్తు సక్కగ పడ్డదా? కొన్ని కంప్యూటర్లల్ల వత్తు ఊడి పక్కకొస్తది. అమ్మ పేరు పక్కన తప్పు పడితే నేను పంచ.”

“ఊడుతదా? నా దగ్గర? లినక్స్‌కు ఒక పెంగ్విన్ బొమ్మ ఉంటది సూడు, అది తెర దిగొచ్చింది బిడ్డా! ఈ సోలాపూర్ ఎండకు చెమటలు కక్కుకుంట, ముక్కుతోటి ఒక్కొక్క వత్తునూ అక్షరం కిందికి తోసింది. పాపమని సోడా తాగిపిచ్చిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? బయట మరమగ్గాల టకటక ఇని కంప్యూటర్‌కు పూనకమొచ్చింది. ప్రింటర్ల కాగితం పెడితే కాగితం రాలే, చద్దరొచ్చింది! అసల్ సోలాపూరి చద్దరు, కుచ్చులతో సహా, వేడివేడిగ! అది హోట్గి రోడ్ దాక సాగింది. అవతలి కొసన ఎవలో కప్పుకొని పండుకున్నరు, లేపబుద్ధి కాలే.”

హోటలంతా గొల్లుమన్నది. మంగళ కూడా తనకు తెలియకుండానే నవ్వింది. నవ్వుతూనే చేయి చాపింది.

“చద్దరు నాకెందుకు? కాగితం చూపియ్.”

నర్సప్ప జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. “ఏ నమూనా లేకుంట, తెల్లపేజీ మీద, సొంత బుర్రతోటి చేసిన,” అన్నాడు.

యమునాబాయి కుట్టు తరగతి. ట కింద వత్తు ఉండవలసిన చోటనే ఉన్నది. కింద మరాఠీ వరుస కూడా పొందికగా అమరింది. మంగళ తల్లి పేరును ఒకసారి వేలితో తడిమింది. తరువాత అడుగువరకు చదివి, ఆగి, చివరి వరుసను పైకి చదివింది.

“‘సకుటుంబ సపరివారంగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన. మీ రాకయే మాకు కానుక.’” ఆమె తల ఎత్తింది. “కాకా, పెండ్లి ఎవలిది? నా మిషనుదా, నీ పెంగ్విన్‌దా?”

పెంటప్పకు నవ్వుతో పొలమారింది. “తెల్లపేజీ అట! అన్నీ కోతలే! పాత పెండ్లిపత్రికకు అచ్చతికిండుర వీడు!”

అయిపోయిన పడుగు కొసలకు కొత్త పోగులను ముడివేయడాన్నే నేతగాళ్లు అచ్చతకడం అంటారు. అచ్చుపని చేసే నర్సప్పకు ఆ మాట రెండు వైపులా తగిలింది.

“అతికితే తప్పా మామా?” అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. “తయారు నమూనా ఏదీ కుదరలే. లినక్స్‌లనే లిబ్రె ఆఫీస్ అని ఇంకోటి ఉంటది, దాంట్ల నా పాత పత్రికలు తెరుచుకున్నయ్, అది మాత్రం ఖరే. కొంచెం అటిటు జరిగితే సర్దిన. పేర్లు తీసి కొత్తయి పెట్టిన. ఆ కడపటి వరుస కంట పడలే. ఇగ విండోస్ లేకున్నా దుకాణం మూసుడు లేదు, అన్నీ గట్లనే చేస్త.”

మంగళ కాగితాన్ని బల్లమీద పరిచి గోటితో గీత గీసింది. “వధూవరులను తీసెయ్. పొద్దుగూకేలోపు అచ్చెయ్యి, నేనీడనే కూసుంట.”

“ఆ ‘రాకయే కానుక’ సుత తీసెయ్యాల్నా?”

“అది ఉండనీ కాకా,” అన్నది మంగళ. “అదొక్కటే కోత కాదు.”