ఒకటో గడిలో దేవన్న

అధ్యక్షులు శ్రీనివాసరాజు గారికి, ఈ పూట తుబ్లీలో దుకాణానికి తాళం వేసి మరీ వచ్చిన గులాం మొహియుద్దీన్ భాయ్‌కి, మామీర్ నుంచీ సనాబిస్ నుంచీ వారానికి ఒక్కటే దొరికే సెలవును మా కోసం ఇచ్చేసిన పెద్దలకూ మిత్రులకూ, జగిత్యాల దగ్గర తన ఇంట్లో కూర్చుని ఫోనులో మమ్మల్ని చూస్తున్న గౌరవ్వ వదినకూ నా నమస్కారాలు. రాజుగారు నాకు ఐదు నిమిషాలిచ్చారు. ఆయన ఇంజనీరు, ఐదంటే ఐదే. నేను స్టోర్‌కీపర్ని, కాగితం మీద ఉన్న లెక్కా స్టోర్‌లో ఉన్న లెక్కా నా దగ్గర ఎన్నడూ ఒకటి కాలేదు. (నవ్వులు) వెనక వరసలో బిర్యానీ గిన్నెల వైపు చూస్తున్న తమ్ముళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ఇందాకటి నుంచి అందరూ, ఇక ఊరికి వెళ్ళిపోతున్న రాజనర్సన్న ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు గురించి చెప్పారు. ఆయన కట్టిన ఇనుప చువ్వలు ఈ గల్ఫ్ దేశంలో ఎన్ని పెద్ద బిల్డింగుల పిల్లర్లలో ఉన్నాయో, ఒక్క రోజు కూడా డ్యూటీకి ఎట్లా ఆలస్యం కాలేదో చెప్పారు. అన్నీ నిజమే. ఒక్కటి మాత్రం సరిదిద్దాలి. ఈయన పేరు రాజనర్సు కాదు.

రాజనర్సు ఈయన తండ్రిగారి పేరు. పాస్‌పోర్టు ఫారం నింపిన ఏజెంటు కొడుకు పేరు ఉండాల్సిన చోట తండ్రి పేరు రాశాడు. దాన్ని దిద్దించుకుంటూ కూర్చుంటే వచ్చిన వీసా పోతుంది, అందుకని ఈయన అట్లాగే విమానం ఎక్కారు. ఆ తర్వాత టైంషీటులో, గుర్తింపు కార్డు బతాకాలో, క్యాంపు మంచానికి అంటించిన చీటీలో, ఇవాళ కంపెనీవాళ్ళు ఇచ్చిన ఈ షీల్డులో కూడా ఆ పేరే. తొంభై తొమ్మిదిలో వదిన ఊళ్ళోని ఫోను బూత్ నుంచి ఒకసారి కంపెనీకి చేయించింది. ఆమె నోట పెనిమిటి పేరు రాదు కాబట్టి అసలు పేరు చెప్పి బూత్ అతనే అడిగాడు. ఆఫీసులో ఎవరో, ఆ పేరుగల మనిషి ఇక్కడ లేడని ఫోను పెట్టేశారు. అన్న ఉత్తరం అందేదాకా ఇరవై రోజులు ఆమె అన్నం సరిగా తినలేదని తర్వాత తెలిసింది. వదినా, ఈ సంగతి బయటపెట్టినందుకు తిట్టుకోకు.

ఇదంతా నాకు ఎట్లా తెలిసిందంటే, ఒక ఆట వల్ల. రాజుగారూ, గడియారం చూడకండి, అసలు విషయానికే వస్తున్నాను. (నవ్వులు)

రెండువేల నాలుగులో నేను మామీర్ క్యాంపుకు, అన్న ఉండే రూముకే వచ్చాను. ఇరవై రెండేళ్ళు, ఇంటర్ పాసు, అదొక పెద్ద గర్వం. మొహియుద్దీన్ భాయ్ తన దుకాణంలో మూలకు పడున్న ఒక పాత వీడియో గేమ్ పెట్టె బాగుచేసి మా రూముకు ఇచ్చాడు. దాంతో ఒకటే క్యాసెట్. జపానువాళ్ళు ఎప్పుడో చేసి ఇంగ్లీషులోకి మార్చిన ఆట. కాల్చుడు, దూకుడు ఉండవు. ఒక మనిషి ఊరూరూ తిరుగుతాడు, కనపడ్డవాళ్ళందరితో మాట్లాడతాడు, వాళ్ళ కష్టం తీరుస్తాడు, చివరికి ఒక కోట తలుపు తెరవాలి. దానికి నెలలు పడుతుంది. ఎక్కడిదాకా ఆడామో దాచుకోవడానికి మూడు గడులుంటాయి. క్యాసెట్ లోపలి చిన్న సెల్లు వాటిని కాపాడుతుంది.

ఆట మొదలవగానే తెర మీద నీ పేరేమిటని అడుగుతుంది.

"ఏం పేరు కొట్టాలె అన్నా?" అన్నాను.

ఆయన తెర దగ్గరికి జరిగి "దేవన్న అని కొట్టు" అన్నారు.

"దేవన్న ఎవరే?"

"నేనేరా. ఈడ మా అయ్య పేరుతోని బతుకుతున్న. సైటు మీద ఫోర్‌మన్ తిడితే ఆ తిట్టు నాకు తాకది, మా అయ్యకు తాకుతది. సచ్చిపోయినోన్ని దినాం తిట్టిపిస్తున్న."

నేను ఒకటో గడిలో ఆ పేరు కొట్టాను. అప్పటి నుంచి రెండేళ్ళు, ప్రతి శుక్రవారం బట్టలు ఉతికి ఆరేసి, పప్పు పొయ్యి మీద పెట్టి ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఆయన ఆడేవారు, నేను ఇంగ్లీషు చదివి మన మాటలో చెప్పేవాణ్ణి. ఆటలో ఏ ఊరికి పోయినా ఎవరో ఒక ముసలామె ఎదురొచ్చి, దేవన్నా వచ్చినవా, నీ కోసమే చూస్తున్నం అనేది. ఆయన బొత్తాం నొక్కేవారు కాదు. "ఇంకోపారి సదువు" అనేవారు. పప్పు మాడిపోయేది, నేను మళ్ళీ చదివేవాణ్ణి.

ఇప్పుడు చెప్పబోయేది పంతొమ్మిదేళ్ళుగా చెప్పనిది. మన్నించండి, నీళ్ళు తాగుతాను.

కోట తలుపు దాకా చేరాం. వచ్చే శుక్రవారం తెరుద్దామనుకున్నాం. ఆ శుక్రవారం అన్నకు ఓవర్‌టైం పడింది. నేను ఒక్కణ్ణే ఉన్నాను. నా పేరుతో కూడా ఒకటి ఆడి చూద్దామని బుద్ధి పుట్టింది. ఆడి, దాచుకునేటప్పుడు ఖాళీ గడి ఎంచుకోకుండా ఒకటో గడి మీదే నొక్కాను. పాతది చెరిపేయనా అని అది అడిగింది కూడా. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి, చదవకుండానే అవునని నొక్కాను. దేవన్న పోయాడు, ఆ చోట గంగాప్రసాద్ వచ్చాడు.

సాయంత్రం ఆయన వచ్చేసరికి నా గడి కూడా చెరిపేసి, క్యాసెట్‌లో సెల్లు అయిపోయినట్టుంది అన్నాను. ఆయన నమ్మారు. చెప్పులు విప్పకుండానే కాసేపు నిలబడి, "సరే తియ్యి. మల్ల రాజనర్సునే అయిన" అన్నారు. తర్వాత ఎన్నడూ ఆ పెట్టె ముట్టుకోలేదు. ఆ మాట నన్ను ఈ రోజుకీ వదల్లేదు.

పెట్టె, క్యాసెట్ తిరిగి ఇవ్వడానికి దుకాణానికి పోతే మొహియుద్దీన్ భాయ్ చూసి, "సెల్లు ఠీకే ఉన్నది భాయ్. సంగతి నువ్వే చెప్పాలె, నేను చెప్ప" అన్నాడు. ఆ తర్వాత నేను ఎప్పుడు కనపడినా "చెప్పినవా?" అని ఒక్కమాటే. నేను చార్జర్ కొనడానికి వేరే దుకాణానికి పోవడం మొదలుపెట్టాను. (నవ్వులు)

పోయిన ఏడు భాయ్ కొడుకు రాహీల్ ఒక సంగతి చెప్పాడు. ఆ ఆట చేసినవాళ్ళ అసలు పేర్లు ఆట చివర్లో ఉండేవి కావట. పోటీ కంపెనీలు ఎత్తుకుపోతాయేమోనని వాళ్ళ కంపెనీ ముద్దుపేర్లే వేయించిందట. ఇప్పుడు ఆటను మళ్ళీ విడుదల చేస్తూ అందరి అసలు పేర్లూ వేశారు. రాహీల్ ఫోనులో చూపించాడు. బొమ్మలు గీసినామె పేరు, పాట కట్టినాయన పేరు, ఆ ముసలామె మాటలు రాసినాయన పేరు. నాకు అవి పలకడం చేతకాలేదు, అయినా ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాను. ముప్పై ఏళ్ళు దాటాక కూడా పేరు తిరిగి ఇవ్వొచ్చని నాకు అప్పుడు తోచింది.

భాయ్ దగ్గరికి పోయి ఆ పాత పెట్టె, అదే క్యాసెట్ కొత్త సెల్లు వేయించి తెచ్చుకున్నాను. ఎనిమిది నెలల శుక్రవారాలు ఆడాను. ఒకటో గడిలో దేవన్న అని కొట్టి, అన్ని ఊళ్ళూ తిరిగి, అందరితో మాట్లాడి, మళ్ళీ ఆ కోట తలుపు ముందు నిలబెట్టాను. తలుపు నేను తెరవలేదు. అన్నా, అది మీరు తెరవాల్సింది. పెట్టె ఈ సంచిలో ఉంది. మీ సామానులో బరువు ఎక్కువైతే నేను కట్టిన బాదంపప్పు తీసెయ్యండి, ఇది తియ్యకండి. అన్నా, సెల్లు కాదు, నేనే చెరిపాను. నన్ను క్షమించండి.

భాయ్, చెప్పినా. ఖలాస్.

అధ్యక్షా, ఒక్క మనవి. శాలువా కప్పడానికి మీరు ఇప్పుడు ఆయన్ని వేదిక మీదికి పిలుస్తారు. మీ చేతిలోని కాగితంలో ఉన్న పేరు కొట్టేసి, పక్కన అసలు పేరు రాసుకోండి. కలం లేకపోతే నాది ఉంది. ఎల్లుండి ఊళ్ళో దిగితే ఆయన్ని అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు, అక్కడ లోటు లేదు. ఈ దేశంలో మాత్రం మనుషుల నోటి నుంచి ఆ పిలుపు ఆయన ఇప్పటిదాకా వినలేదు. వినడానికి ఇవాళ ఒక్కరోజే ఉంది.

ఇంతసేపు విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. గౌరవ్వ వదినా, ఫోను దగ్గరికి తీసుకో. ఆ రోజు ఆఫీసువాళ్ళు నీకు తప్పు చెప్పారు. ఆ పేరుగల మనిషి ఇక్కడే ఉన్నాడు. మూడో కుర్చీలో కూర్చుని, మొహానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. రాజుగారు ఇప్పుడు పిలుస్తారు, విను. సెలవు.