ఒక తగువు కావలెను

ఫోన్‌లో అవతల తెడ్ల పడవ నేర్పే కోచ్. ఇవతల, ఆరిన బట్టలు భుజాన వేసుకుని అమ్మ.

"తగువా? తగువు పెట్టమంటారేమిటండీ! మొన్ననేగా వాళ్ళిద్దరూ కలిసింది?"

"కలిసింది కాదమ్మా, మీరు కలిపారు."

"కలపనా మరి? పడవ ఒడ్డుకి గుద్దింది నువ్వంటే నువ్వని మా అమ్మాయీ, ఆ పిడుగూ మాటలు మానేశారు. ఇద్దరే ఉండే పడవలో ఇద్దరూ మూతులు ముడుచుకుంటే ఏం బాగుంటుంది? అందుకే, అది నీకు సారీ చెప్పమందని దీనికీ, ఇది నీకు చెప్పమందని దానికీ..."

"అదే కొంప ముంచింది. మాటల్లేనన్నాళ్ళూ పడవ బాణంలా పోయింది. ఒకరి మీద కోపం ఒకరు తెడ్డు మీద చూపించేవాళ్ళు. ఇప్పుడో? వెనక మోటారు బోటులో వస్తున్న నాకు ఒకటే నవ్వులు వినపడుతున్నాయి. పడవేమో షికారుకెళ్తున్నట్టుంది."

"పిల్లలండీ, నవ్వుకోరూ?"

"నవ్వుకోమనండి. రేపు ఆఖరి పరుగు. అదీ ఇలాగే ఉంటే వచ్చే వారం జూనియర్ల ప్రపంచ పోటీకి రెండో జట్టుని విమానం ఎక్కిస్తాను. ముందే చెబుతున్నాను."

"అయ్యయ్యో, అంత మాటనకండి!"

"అందుకే అడుగుతున్నా. చిన్న తగువు చాలు. పోటీ అయ్యేదాకా నిలబడితే అంతే చాలు."

"ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, తగువు పెట్టడం నాకు మీరు చెప్పాలా? ఉంటానండీ, మా నిచ్చెన వస్తోంది."

కూతురు లోపలికి వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఎవరమ్మా ఫోను?"

"గ్యాస్ అతను. రా, ఈ దుప్పటి ఆ కొస పట్టుకో, మడత పెడదాం."

"తర్వాత."

"తెడ్లు లాగేదానికి దుప్పటి బరువా?"

"అలిసిపోయానే అమ్మా."

"అలవవూ మరి? పడవంతా నువ్వొక్కదానివే మోస్తుంటే."

"నేనొక్కదాన్నేంటి? పిడుగు లేదూ?"

"ఉంది. నీ వీపు వెనకాల ఉంది. అక్కడ కూర్చుని అదేం వెలగబెడుతోందో నీకేం కనపడుతుంది?"

"అమ్మా... పుల్లలు పెడుతున్నావా?"

"నాకేం పని? అది నిన్ను నిచ్చెనా నిచ్చెనా అని ఊరంతా చాటుతుంటే కడుపు మండి అన్నాను."

"నిచ్చెన అని పేరు పెట్టింది నువ్వే."

"పెట్టింది నేనైతే ఏం, ఊళ్ళోకి మోసింది అది. సరే, నీ నీలం చొక్కా పట్టుకెళ్ళింది, తిరిగిచ్చిందా?"

"ఇచ్చింది. ఇస్త్రీ చేసి మరీ."

"చూశావా! నీకు ఇస్త్రీ చెయ్యడం రాదని ఎత్తిపొడుపు."

"అమ్మా! ఏమైంది ఇవాళ నీకు? మొన్న దాన్ని బంగారుకొండ అన్నావు."

"మొన్న తెలీదు. ఇవాళ గట్టున నిలబడి నా కళ్ళతో చూశాను. నువ్వు చచ్చీచెడీ లాగుతుంటే, అది తెడ్డుతో నీళ్ళని నిమురుతోంది."

"నువ్వసలు గట్టుకి ఎప్పుడొచ్చావు?"

"వచ్చాను."

"రాలేదు."

"రాకపోతే రాలేదు. నా మొహంలోకి చూసి చెప్పు, అది మెల్లగా వెయ్యడం లేదని."

"అన్నం పెడతావా?"

"పెడతాను. చెప్పు ముందు."

"ఆకలేస్తోందమ్మా."

"హవ్వ! గాల్లోకి రాయి విసిరితే కాయే రాలిందే! నిజంగానే మెల్లగా వేస్తోందా?"

"వేస్తోంది. అయితే?"

"అయితేనా? రేపు పడవ పరిగెత్తకపోతే మీ బదులు రెండో జట్టు వెళ్తుందే!"

"తెలుసు."

"తెలిసీ దాన్ని వెనకేసుకొస్తున్నావా? చీకటితో లేచి నువ్వు పడ్డ కష్టమంతా దాని బద్ధకానికి నీళ్ళపాలు కావాలా? ఫోన్ ఇటు పడెయ్. దాని సంగతీ, వాళ్ళమ్మ సంగతీ ఇప్పుడే..."

"వద్దమ్మా! దాన్నేం అనకు. అది బద్ధకం కాదు. నాకోసం."

"నీకోసం మెల్లగా వేస్తోందా? అదేం స్నేహమే!"

"అది జోరుగా వేస్తే నేను అందుకోలేను. తెడ్లు తగులుకుంటాయి. కోచ్ గారికి తెలిసిపోతుంది."

"ఏం తెలిసిపోతుంది?"

"ఏం లేదు."

"ఆ చెయ్యెందుకు దాస్తున్నావు? ఇటు తే. తెమ్మన్నానా! ...అమ్మో! మణికట్టు ఇంత వాచిందేమిటే? ఎప్పటినుంచి?"

"మొన్నటినుంచే. నొక్కకు, నొక్కకు!"

"నాకు చెప్పవా? ఆయనకీ చెప్పవా?"

"చెబితే రేపటిదాకా ఆగుతారా? ఇవాళే దింపేస్తారు."

"ఇంత వాపు పెట్టుకుని పడవలో ఆ ఇకఇకలు, పకపకలు ఎలా వస్తున్నాయే నీకు?"

"నేనెక్కడ నవ్వుతున్నానమ్మా? నవ్వేది పిడుగొక్కతే. తెడ్డు లాగినప్పుడల్లా నా మూలుగు కోచ్ గారికి వినపడకుండా."