'ఆపండి' అన్న నంబరు

కళ్లద్దాల షాపు అప్పుడే తెరిచారు. అక్క చేతిలో షాపు ఫోను ఉంది. తమ్ముడు తుడిచిన ఫ్రేమునే మళ్లీ తుడుస్తున్నాడు.

"మళ్లీ చదువుతాను, విను. 'అద్దాల మీద ఇరవై శాతం తగ్గింపు.' ఇది మనది. 'మెసేజిలు వద్దనుకుంటే ఆపండి అని పంపండి.' ఇదీ మనదే. దాని కింద, 'బయట మబ్బు పట్టింది, గొడుగు మరిచిపోకండి.' ఇదెవరిదిరా?"

"వాతావరణ సమాచారం అక్కా."

"ఊరంతా మన కస్టమర్లే. మబ్బు ఒక్క పళ్ల డాక్టరమ్మ నెత్తి మీదే పట్టిందా?"

"అంటే... ఆవిడకి పాపం జలుబు..."

"నీకెలా తెలుసు?"

"అద్దాలు సరిచేస్తుంటే తుమ్మారు."

"ఎప్పుడు?"

"మొన్న. మొన్నంటే... ఎండాకాలంలో."

"ఒరేయ్, ఆవిడ ఒప్పుకుంది తగ్గింపుల కబుర్లకి, నీ కబుర్లకి కాదు. ఒకదానికి ఒప్పుకుంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టు కాదని రూలే ఉంది. ఇల్లు చూసిపొమ్మంటే మంచమెక్కి పడుకుంటావా?"

"ఒక్క గొడుగేగా."

"మరి ఇదో? 'భోంచేశారా?' అద్దాలవాడికి ఆవిడ భోజనంతో పనేంటి?"

"శ్రుతి మించిందని అప్పుడే అనుకున్నా."

"అనుకుని?"

"పంపేశా."

"ఇదిగో జవాబు. 'ఆపండి.'"

"నవ్వకక్కా."

"నవ్వక ఏం చెయ్యను? ఆపమంటే ఆపాలి. ఫిర్యాదు చేసిందంటే జరిమానా, పైగా షాపు నంబరే మూసేస్తారు."

"క్షమించమని ఒక్క మెసేజి..."

"అదీ మెసేజేగా. ఆ నంబరు ఎప్పుడో తీసేశా. ఇక నువ్వు... అదుగో."

"ఏది?"

"పళ్ల డాక్టరమ్మ. ఇటే వస్తోంది."

"నేను వెనక గదిలోకి పోతా."

"కదిలావంటే కాళ్లు విరగ్గొడతా. రండి డాక్టరుగారూ, రండి."

"ఆ మెసేజిలు పంపేది మీలో ఎవరండీ?"

"మా తమ్ముడేనండి. బుద్ధి గడ్డి తింది. మీ నంబరు తీసేశాం, ఇక ఒక్క ముక్క రాదు."

"అదేనండీ చిక్కు. రావట్లేదు."

"రావట్లేదా?"

"ఆపమని పంపింది నేనే. అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు."

"మధ్యలో అమ్మగారెందుకు?"

"ఆ నంబరు అమ్మదండి. ఈ తగ్గింపుల గోల నాకు పడదని, ఆవిణ్ణి అడక్కుండానే ఇచ్చేశా. అలా ఇవ్వకూడదు, తప్పు నాదే."

"ఒరేయ్, ఊపిరి తీసుకో."

"అమ్మ మొదట విసుక్కునేది. తర్వాత గొడుగు లేకుండా గుమ్మం దాటడం మానేసింది. ఇప్పుడు మెసేజి రాక, అన్నం ముందు కూచుని ఫోను వంకే చూస్తోంది."

"మరి ఆపమన్నారెందుకండీ?"

"అబ్బ, నోరు విప్పాడు."

"ఆ 'భోంచేశారా' ఒక్కటే నా కంటపడింది. ఎవరో పెద్దాయన అమ్మకి వల వేస్తున్నాడనుకున్నా. తమరు పెద్దాయన కాదే."

"కాదండి."

"మరి ఎవరికనుకుని పంపారు?"

"అదీ... అదేంటంటే..."

"చెప్పరా. అడిగారుగా, ఇప్పుడు అనుమతి ఉంది."

"మీకండి."

"నాకా?"

"మీకే. అడక్కుండా పంపాను, తప్పే. ఇక పంపను."

"ఇప్పుడు అమ్మకేం చెప్పను? ఆవిడ తనకే అనుకుని... అమ్మా, బయటే ఉండమన్నానుగా."

"ఎంతసేపే? కాళ్లు లాగుతున్నాయి. 'ఈరోజు పేషెంట్లు ఎక్కువా' అని అడిగాడొకసారి. నాకెక్కణ్ణుంచి వచ్చారే పేషెంట్లు? ఆ రోజు నుంచీ, పిల్లాడు ఎలాంటివాడో చూద్దామనే చదువుతున్నా. అబ్బాయ్, నాకెప్పుడో సమ్మతమే. ఇక దాన్నడుగు."