గిన్నె జరిపిన గరిటెమ్మ

ఒక్క మాట అడుగుతాను చెప్పు తల్లీ, ఉపన్యాసం విని ఆకుకూర మీద మనసుపడ్డవాణ్ని ఒక్కణ్నయినా చూశావా? నవ్వకు. రేపట్నుంచి మా పాత ఫ్యాక్టరీ క్యాంటీన్లో మాంసం తగ్గించండి, గింజలూ కూరగాయలూ తినండి అని చెప్పే ఉద్యోగం నీది, అందుకే అడుగుతున్నా. నేను అక్కడ వడ్డించే రోజుల్లో ఒక వంటావిడ ఉండేది, గరిటెమ్మ అనేవాళ్లం. పోయి పాతికేళ్లయింది. అసలు పేరేంటంటే... ఏదో ఉండేదిలే, జీతం కాగితం మీద. ఆ, ఎక్కడున్నాను? ముందు మీ పెదతాత సంగతి చెప్పాలి. మా అన్నయ్య క్రేన్ నడిపేవాడు. గుండె బాగాలేదు, మాంసం తగ్గించు అన్నాడు డాక్టరు. అన్నయ్యేమో "నలుగురిలో రోగి కూడు తినాలా? చస్తే తినను" అని మా వదినని ఏడిపించేవాడు. కంపెనీవాళ్లు ఒక నిపుణుణ్ని పిలిపించారు. ఆయన తెర మీద క్యారెట్ బొమ్మ చూపించి గంటన్నర మాట్లాడాడు. అందరూ బుద్ధిగా తలలూపారు, చప్పట్లకి నిద్రలేచారు, లేచినవాళ్లు లేచినట్టే మాంసం గిన్నె దగ్గరికి పరిగెత్తారు.

మర్నాడు గరిటెమ్మ ఏం చేసిందనుకున్నావ్? వరుసలో మొదటుండే మాంసం గిన్నెని చివరికి జరిపింది, అంతే. మొదట చిక్కుడు గింజల కూర, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, ఆ వాసనకే ఆకలి రేగేది. తర్వాత ఆకుకూర, బఠాణీలు. చివరికొచ్చేసరికి కంచంలో చోటేదీ? "ఎవరికీ చెప్పకు తమ్ముడూ" అంది నాతో. మూడు నెలలు ఒక్కడూ కనిపెట్టలేదు. మా అన్నయ్యకి మెట్లెక్కితే ఆయాసం రావడం తగ్గింది. కొత్త చెప్పుల మహిమ అని ఊరంతా చెప్పుకున్నాడు పాపం.

ఈ సంగతి మేనేజరుగారి చెవిన పడింది. ఇంత ఘనకార్యం జరిగితే బోర్డు లేకపోవడమేంటన్నాడు. 'ఆరోగ్య వరుస' అని ఇంతింత అక్షరాలు, పక్కన ఆయన ఫొటో. రిబ్బన్ కత్తిరించిన మధ్యాహ్నమే జనం మాంసం గిన్నె ఉన్న చివర్నుంచి వరుస కట్టారు. ముందు నిలబడ్డదెవరు? మా అన్నయ్యే. "మమ్మల్ని రోగుల్ని చేస్తార్రా" అని. గరిటెమ్మ మేనేజరు దగ్గరికి వెళ్లి "ఆ బోర్డు దించండయ్యా, గింజలు నేను తినిపిస్తా" అంది. పైఆఫీసువాళ్లు చూడ్డానికి వస్తున్నారు, ఎలా దించుతామన్నాడాయన. వాళ్లొచ్చారు, ఫొటోలు దిగారు, మాంసం తిని వెళ్లారు. గరిటెమ్మని కంచాలు కడిగే పనిలో వేశారు. అన్నయ్య ఆ ఏడు దాటలేదు. గరిటెమ్మ చూడ్డానికొచ్చి మా గుమ్మంలోనే నిలబడింది. "ఒక్క బోర్డు, తమ్ముడూ" అంది. అంతే.

...

నీ సంచిలో పొడుగ్గా చుట్టింది ఏంటది? బోర్డేనా? ఇలా ఇచ్చెయ్ తల్లీ. రేపు పొద్దున్నే వెళ్లి, ఎవరూ రాకముందు గిన్నె జరుపు.